వాన పడ్డా చెట్టుకు కరువు పోలేదు

వాన పడంగనే కరువు పోయిందని సర్కారు రాసుకుంటది. చెరువులోకి నీళ్లు వచ్చినయని పేపర్లో ఫోటో పడ్తది. కరువు మండలాల జాబితా బీరువాలోకి పోతది. ట్యాంకర్లు ఆగిపోతయి. బ్యాంకు నోటీసులు మొదలైతయి. చెట్టుకు ఈ లెక్క తెల్వదు. చెట్టుకు కరువు ఒక్క వానతోని పోయేది కాదు. ఎండకాలమంతా కొన ఊపిరితోని నిలబడ్డ చెట్టు, వానలు పడి అందరూ దాన్ని మర్చిపోయినంక సచ్చిపోతది. మన తోటల్లో, మన గట్ల మీద, మన రోడ్ల పక్కన జరుగుతున్నది ఇదే.

పత్తి ఎండితే ఆ ఏటి పంట పోతది. మళ్ల వానాకాలం గింజ పెట్టుకోవచ్చు. వరి ఎండితే గడ్డన్న పశువులకు అయితది. బత్తాయి చెట్టు ఎండితే పదేండ్ల కాలమే ఎండినట్టు. నాటిన అయిదో ఏటికి గాని కాపు మొదలు కాదు. ఏడెనిమిదేండ్లకు గాని నిండు కాపు రాదు. అన్నేండ్లు రైతు పెట్టిన పైసలు, పోసిన నీళ్లు, ఇంటిల్లిపాది చేసిన చాకిరి అంతా ఆ చెట్టు మొదట్లో ఉంటది. బ్యాంకులో దాచుకునే తాహతు లేనోడు చెట్టులో దాచుకున్నడు.

అందుకే మేము చెప్పేది ఒక్కటే. కరువుకు చిక్కిన చెట్టు కోలుకోవాలంటే తక్కువలో తక్కువ మూడేండ్లు పడ్తది. అందులో మొదటి ఏడు దాన్ని కాయ అడగొద్దు. అడగకుండ ఆగే స్తోమత రైతుకు ఉండాలె. లేకపోతే ఆ స్తోమత ఇయ్యాల్సింది సర్కారు. సర్కారు సాయం లేకుండ మూడేండ్లు ఓపిక పట్టమని రైతుకు చెప్పేటోడు, ఎండిన చెట్టుకు ఉపన్యాసం ఇచ్చినట్టే.

కరువు చెట్టును ఎట్ల కొడ్తది?

బత్తాయికి నల్లగొండ పెట్టింది పేరు. ఆ నల్లగొండే బోర్లకు, బోర్ల అప్పులకు కూడ పేరు. జిల్లాలోని ముసంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువున్నయని జర్నలిస్టు పి.సాయినాథ్ 2004లో రాసిండు. పైన వాన లేదు, కింద నీళ్లు లేవు. 2002లో దేశం మొత్తం మీద నైరుతి వాన సగటు కంటే 19 శాతం తక్కువ పడ్డది. 2009లో 22 శాతం తక్కువ. 2014లో 12 శాతం, 2015లో 14 శాతం తక్కువ. వరుసగ రెండేండ్లు దెబ్బ మీద దెబ్బ. 2015లో రాష్ట్ర సర్కారే 231 మండలాలను కరువు మండలాలని ప్రకటించింది. 2023లో కృష్ణకు వరద సరిగ రాక శ్రీశైలం, సాగర్ నిండలేదు. కరువు ఎప్పుడో వచ్చిపోయే చుట్టం కాదు, మన ఇంట్లోనే కాపురం పెట్టింది. కనుక కరువులో చెట్టును ఎట్ల కాపాడాలె, కరువు పోయినంక ఎట్ల లేపాలె అన్నది తోట ఉన్న ప్రతి ఇంటికి తెలిసి ఉండాల్సిన ముచ్చట.

మొదలు చెట్టుకు లోపల ఏం జరుగుతదో చూద్దాం. చెట్టు నీళ్లు తాగేది లావు వేర్లతోని కాదు. లావు వేర్లు చెట్టును నిలబెడ్తయి, నీళ్లను మోస్తయి. తాగేది వాటి కొసలకు వెంట్రుకల తీరు ఉండే పీచు వేర్లు. బత్తాయిలో ఈ పీచు వేర్లు ఎక్కువశాతం పైన రెండడుగుల మట్టిలోనే ఉంటయి. నేల ఎండినప్పుడు మొదలు సచ్చేది ఇవే. వేర్ల నుంచి ఆకుల దాకా నీరు సన్నటి గొట్టాల్లో తెగని దారం లెక్క పైకి సాగుతది. కింద నీరు దొరకక పైన ఎండ లాగుడు ఎక్కువైతే ఆ దారం తెగుతది. తెగినకాడ గాలి బుడగ చేరుతది. గాలి చేరిన గొట్టంలో మళ్ల నీళ్లు ఎక్కుడు కష్టం. చెట్టు కొత్త కట్టె పోసుకొని కొత్త గొట్టాలు కట్టుకోవాల్సిందే. అది ఒక వానకు, ఒక నెలకు అయ్యే పని కాదు.

ఇంకొక దెబ్బ ఆకలి. ఆకు చెట్టుకు వంటిల్లు. నీరు చాలనప్పుడు చెట్టు ఆకుల మీది సన్నటి రంధ్రాలు మూసుకుంటది. నీరు ఆదా అయితది గని వంట ఆగిపోతది. ఇంకా కష్టమైతే ఆకులు రాల్చుకుంటది. అప్పటినుంచి కొమ్మల్లో, వేర్లలో దాచుకున్న తిండే తిని బతుకుతది. కరువు ఎంత పొడుగైతే ఆ గాదె అంత ఖాళీ అయితది. వాన పడ్డనాటికి చెట్టు చేతిలో ఉన్నవి సగం సచ్చిన వేర్లు, గాలి నిండిన గొట్టాలు, ఖాళీ గాదె. బలహీనమైన చెట్టును బెరడు తొలిచే పురుగు, చెదలు, వేరుకుళ్లు అప్పుడే పట్టుకుంటయి. ఆకలికి నీరసించిన మనిషిని మామూలు జ్వరమే తీసుకపోయినట్టు.

ఇది ఒక్క నల్లగొండ ముచ్చట కాదు. ప్రపంచంలో 1300కు పైగా అటవీ ప్రాంతాల చెట్ల వలయాలను పరిశీలించి 2015లో శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం అచ్చేసిన్రు. తీవ్రమైన కరువు పోయినంక కూడ ఒకటి నుంచి నాలుగేండ్ల దాకా చెట్ల ఎదుగుదల మామూలుకు రాలేదని అందులో తేలింది. మనుషులు ఎరువులు వెయ్యని, కాయ అడగని అడవి చెట్టుకే అన్నేండ్లు పడితే, ఏటా టన్నుల కొద్ది కాయ ఇయ్యమని మనం మెడ మీద కూసునే తోట చెట్టుకు ఎన్నేండ్లు పట్టాలె?

గొడ్డలి ఆపుండ్రి

ఆకులన్నీ రాలిన చెట్టును చూడంగనే సచ్చిందని అనుకుంటరు. కట్టెల వ్యాపారి అప్పటికే ఊర్లోకి వచ్చి ఉంటడు. వడ్డీకి తెచ్చిన అప్పు గుండె మీద ఉంటది. తోట మొత్తం కట్టెల కింద పోతది. ఇట్ల పోయిన తోటల్లో బతికే చెట్లు ఎన్ని ఉండెనో లెక్క చెప్పేటోడు లేడు.

ఆకు రాల్చుడు సావు కాదు. అది చెట్టు బతకడానికి చేసే ప్రయత్నం. చెట్టు బతికుందో లేదో తెలుసుకునే పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. కొస కొమ్మ బెరడును గోరుతోనో చాకుతోనో సన్నగ గీకి చూడుండ్రి. లోపల పచ్చగ, తడిగ ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగుకు తిరిగి పొడిగ ఉంటే ఆ కొస సచ్చినట్టు. అప్పుడు కొంచెం కిందికి దిగి గీకాలె. కొమ్మలు, పెద్ద కొమ్మలు, ఆఖరుకు మొదలు. ఎక్కడ పచ్చదనం తగిలితే అక్కడినుంచి చెట్టు మళ్ల లేస్తది. మొదట్లో కూడ నాలుగు దిక్కుల గీకి పచ్చదనం కనపడకపోతేనే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాలె. అయినా ఒక వానాకాలం ఆగి చూస్తే పోయేదేమీ లేదు.

తొందరపడితే ఏమైతదో వేపచెట్ల ముచ్చటలో రాష్ట్రమంతా చూసినం. 2021లో ఊరూరా వేపచెట్లు కొసల నుంచి ఎండుకుంట వచ్చినయి. అది కరువు కాదు, శిలీంద్రపు తెగులు. శాస్త్రవేత్తలు నరకొద్దన్నరు, మళ్ల చిగురిస్తయన్నరు. ఆగినోళ్ల వాకిట్లో చాలా చెట్లు చిగురించినయి. నరికినోళ్ల వాకిట్లో ఎండ మిగిలింది. ఎండిన చెట్టు ముందు నిలబడ్డప్పుడు ఈ అనుభవం యాదికి తెచ్చుకోవాలె.

ఎండిన కొమ్మలు తీసేసుడు కూడ వాన పడ్డ తెల్లారే చేసే పని కాదు. ఏ కొమ్మ బతికింది, ఏది సచ్చింది అన్నది చెట్టే చిగురేసి చూపిస్తది. చిగుర్లు వచ్చినంక, బతికిన కట్టె మొదలయ్యే కాడికి ఒక అంగుళం లోపలికి కోసి, కోసిన గాయానికి బోర్డో పేస్టు రాయాలె. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనుప గిన్నెలో కలపొద్దు. ప్లాస్టిక్ బకెట్టో, మట్టి కుండో వాడాలె. ఆకులు లేని చెట్టు మొదలుకు, లావు కొమ్మలకు ఎండ నేరుగ తగిలి బెరడు పగులుతది. పగిలిన బెరడులో పురుగు గుడ్లు పెడ్తది. అందుకే మొదలుకు సున్నం పూయాలె. మన తాతలు చింత చెట్టుకు, మామిడి చెట్టుకు సున్నం పూసింది అందానికి కాదు.

నీళ్లు ఎక్కడ పొయ్యాలె, ఎట్ల పొయ్యాలె?

ట్యాంకరు నీళ్లు కొనుక్కొచ్చి చెట్టు మొదట్లో కుమ్మరిస్తరు. పైపు పెట్టి అయిదు నిమిషాల్లో ఒక చెట్టు, ఇంకో అయిదు నిమిషాల్లో ఇంకో చెట్టు. సాయంత్రానికి ఆ తడి పైపైనే ఆవిరైపోతది. తాగే వేర్లు మొదట్లో లేవు. అవి కొమ్మల నీడ అంచు పడేకాడ, దానికి కొంచెం లోపల బయట ఉంటయి. పాదు అక్కడ తియ్యాలె. ఉంగరం లెక్క చుట్టూ తియ్యాలె. నీళ్లు మెల్లగ ఇంకాలె. ఒక్క జానెడు తడిసి ఆగితే లాభం లేదు, అడుగున్నర నుంచి రెండడుగుల లోతు దాకా తడవాలె. తడిసిందా లేదా అన్నది ఇనుప చువ్వ గుచ్చితే తెలుస్తది. తడి మట్టిలో చువ్వ దిగుతది, పొడి మట్టి తగిలినకాడ ఆగుతది. డ్రిప్పు ఉన్నోళ్లు కూడ చెట్టు చిన్నగున్నప్పుడు మొదలు కాడ పెట్టిన లాటరల్‌ను అట్లనే ఉంచొద్దు. బయటికి జరపాలె.

ఎన్ని నీళ్లంటే లెక్క చూసుకుందాం. ఇరవై అడుగులకు ఒకటి చొప్పున నాటితే ఎకరానికి నూట ఎనిమిది చెట్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి పోస్తే చెట్టుకు నలభై ఆరు లీటర్లు. ఎండకాలం కాపు మీదున్న పెద్ద చెట్టు ఒక్క రోజుకు తాగేదాంట్లో ఇది సగం కూడ కాదు. అంటే ట్యాంకరుతోని తోటను పండించలేం. ప్రాణం మాత్రం నిలబెట్టగలం. ఆ నలభై ఆరు లీటర్లు గాలికి పోకుండ చెట్టు తాగేటట్టు చేస్తేనే అదన్న అయితది.

దానికి ఉపాయం ఆచ్ఛాదన. అంటే నేలకు గొంగడి కప్పుడు. ఎండుటాకులు, వరిగడ్డి, ఊక, పల్లి పొట్టు, ఏది దొరికితే అది. నాలుగంగుళాల మందంగ పాదంతా పరువాలె. మొదలుకు ఆనకుండ జానెడు జాగ వదలాలె, లేకపోతే బెరడు కుళ్లుతది. చెదలు ఉన్న నేలల్లో కనిపెట్టుకొని ఉండాలె. ఈ గొంగడి కింద నేల చల్లగుంటది, తడి నిలుస్తది, సచ్చిన పీచు వేర్ల జాగలో కొత్తయి పుడ్తయి. మనమేమో రాలిన ఆకు ఊడ్చి కాలబెడ్తం, వరి కొయ్యలకు అగ్గిపెడ్తం, మళ్ల నీళ్లు లేవని బోరు ఇంకో వంద అడుగులు దింపుతం. ఆ వంద అడుగుల పైసలతోని ఎన్ని ఎకరాలకు గడ్డి పరవొచ్చో ఒక్కసారి లెక్కేసుకోవాలె.

గడ్డి పెరుగుతున్నదని చెట్ల మధ్య ట్రాక్టరు పెట్టి లోతుగ దున్నుడు కూడ ఆపాలె. బతికి మిగిలిన నాలుగు వేర్లను మనమే తెంపినట్టయితది. కలుపును కొడవలితోని కోసి అక్కడే పాదులో పరవాలె. చెరువు పూడిక మట్టి దొరికితే పలుచగ వెయ్యాలె. చెల్క భూమికి నీళ్లు పట్టే గుణం వస్తది. వేర్లకు గాలి ఆడకుండ మొదలు చుట్టూ మందంగ గుమ్మరించొద్దు.

ఇంక యూరియా ముచ్చట. వాన పడంగనే బస్తా విప్పుతరు. చెట్టు పచ్చబడాలని ఆశ. ఆశ మంచిదే, మందు తప్పు. తాగే వేర్లు లేని చెట్టుకు యూరియా వేస్తే నేలలో ఉప్పు పెరిగి ఉన్న నీరు కూడ అందదు. అందితే ఇంకో తిప్పలు. గాదెలో మిగిలిన కొంచెం తిండిని ఊడ్చి కొత్త ఆకు వేస్తది, ఆ ఆకుకు నీరు పంపే వేరు లేక మళ్ల వాడుతది. నాలుగు నెలలు ఆకలితోని పడుకున్నోనికి లేవంగనే పెండ్లి భోజనం పెట్టం కదా, గంజి పోస్తం. చెట్టుకు గంజి అంటే నీళ్లు, నీడ, బాగ మాగిన పశువుల పెంట. కొత్త ఆకు ముదిరి, చెట్టు వంట మొదలు పెట్టినంకనే ఎరువు. అది కూడ కొంచెం కొంచెం, తడి ఉన్నప్పుడు, విడతలుగ.

మొదటి ఏడు కాయ అడగొద్దు

బత్తాయి రైతుకు బెట్ట అంటే ఏందో ఎవరూ చెప్పే పని లేదు. పూత కోసం తోటకు కొన్ని వారాలు నీళ్లు ఆపుతడు. చెట్టు కొంచెం వాడుతది. మళ్ల నీళ్లిస్తే విరగబూస్తది. ఇది రైతు తన చేతిలో పెట్టుకొని ఆడే ఆట. ఎప్పుడు ఆపాల్నో, ఎప్పుడు ఇయ్యాల్నో ఆయనకు తెలుసు. కరువు కూడ బెట్టే. పగ్గం మాత్రం రైతు చేతిలో ఉండదు. నెలలకు నెలలు ఎండిన చెట్టు మొదటి వానకు విపరీతంగ పూస్తది. ఊరంతా సంబురపడ్తది. పోయిన ఏటి నష్టం ఈ ఏడు పూడ్తదని దళారి వచ్చి తోట బేరం చేస్తడు.

ఆ పూత ఆరోగ్యం కాదు. ఎండు తెగులు, వేరుకుళ్లు పట్టిన బత్తాయి సచ్చే ముందు విరగబూసి విరగకాస్తదని తోట పెంచినోళ్లందరికి ఎరుకే. తాను పోతున్నా గింజన్న మిగలాలని చెట్టు తన్లాట. ఆ కాయనంతా ఉంచితే గాదెలో మిగిలిన ఆఖరి గింజ కూడ కాయకే పోతది. వేరుకు ఏమీ దక్కదు. కాయ కోసే నాటికి చెట్టు పసుపుబడ్తది, వచ్చే ఎండకాలానికి కట్టె అయితది. అప్పుడు కరువు లేదు కాబట్టి కరువు సాయం రాదు. తెగులు వచ్చి సచ్చిందని రాస్తరు. ఆ తెగులును పిలుచుకొచ్చింది రెండేండ్ల కిందటి కరువేనని ఎవరూ రాయరు.

అందుకే బాగ దెబ్బతిన్న చెట్లకు ఆ ఏడు పూత, పిందె దులపాలె. కొంచెం దెబ్బతిన్నవాటికి సగానికి పైగ తియ్యాలె. రెండో ఏడు ఆకును బట్టి కొంత ఉంచాలె. మూడో ఏటికి గాని చెట్టు తన తీరుకు రాదు.

రాసుడు సులువే, దులుపుడు కష్టం. పిందె దులపమంటే ఇంట్లో బియ్యం కుండ బోర్లించమన్నట్టే. రైతు పోయిన ఏడు బోరుకు అప్పు చేసిండు. ఎండకాలం ట్యాంకర్లకు అప్పు చేసిండు. ఇంట్లో పెండ్లి ఉన్నది, పిల్లల ఫీజు ఉన్నది, మిత్తి నూటికి రెండో మూడో నడుస్తున్నది. చేతికొచ్చిన కాయను చేతులార రాల్చమంటే ఆయన రాలుస్తడా? రాల్చడు. రాల్చకపోవుడు ఆయన అజ్ఞానం కాదు, ఆయన అవసరం. ఉద్యాన శాఖ వాళ్లు సలహా కాగితం ఇస్తే సరిపోదు. ఆ సలహా పాటిస్తే ఆ ఏడు ఇల్లు ఎట్ల నడవాల్నో కూడ చెప్పాలె.

ఒక్కో చెట్టుకు ఎనభై నాలుగు రూపాయలు

సర్కారు చెప్పేది ఏందో లెక్క చూద్దాం. 2022-23 నుంచి 2025-26 దాకా కేంద్రం పెట్టిన విపత్తు సాయం లెక్క ప్రకారం బహువార్షిక పంటలకు, అంటే పండ్ల తోటలకు, హెక్టారుకు 22,500 రూపాయలు. అది కూడ 33 శాతం, ఆపైన నష్టం జరిగితేనే. రెండు హెక్టార్ల దాకానే. ఎకరానికి లెక్కేస్తే తొమ్మిది వేల పైచిలుకు. నూట ఎనిమిది చెట్లకు పంచితే చెట్టుకు 84 రూపాయలు. పదేండ్లు పెంచిన చెట్టుకు, ఒక్కసారి, 84 రూపాయలు!

రూపాయల సంగతి అట్ల పెడ్దాం. లెక్క కట్టే పద్ధతే తప్పు. పత్తి పంటకు కట్టినట్టు చెట్టుకు నష్టం కడ్తున్నరు. కరువు ఏడు వచ్చి, ఎండిన విస్తీర్ణం రాసుకొని, పుస్తకం మూసేస్తరు. ఆ రోజు పచ్చగ కనపడ్డ చెట్టు ఏడాదికి ఎండితే దాన్ని ఎవరూ చూడరు. ఆ రోజు మోడుగ కనపడ్డ చెట్టు తర్వాత చిగురిస్తే దాన్ని నిలబెట్టుకోవడానికి సాయం లేదు. అసలు చెట్టును నరికితేనే నష్టం రుజువైనట్టు, బతికించుకుంటే నష్టమే జరగనట్టు. అంటే బతికించుకున్నోడే నష్టపోతున్నడు.

2002లో ఒక చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్టు మూడింటి పేరు మీద వచ్చిన వాల్టా చట్టం. మూడింటిని ఒక్క తాడుకు కట్టిన పేరు మంచిగున్నది. ఆ చట్టం కింద చెట్టు నరకాలంటే అనుమతి తీసుకోవాలె. మంచిదే, కాదనం. నరకాలంటే దరఖాస్తు ఉన్నది గని బతికించుకోవాలంటే దరఖాస్తు ఏది? చెట్టును నరకొద్దనే హక్కున్న సర్కారుకు చెట్టు ఎండుతుంటే నీళ్లు పంపే బాధ్యత లేదా?

2015 జూలైలో చిలుకూరులో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తెస్తమన్నరు, 230 కోట్ల మొక్కలన్నరు. మొక్క నాటుడును మేము తక్కువ చెయ్యం. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచి జవాబు చెప్పాలని కూడ పెట్టిన్రు. నాటిన మొక్కకు ఇంత కట్టుదిట్టమైన చట్టం ఉన్నది. నిలబడ్డ చెట్టుకు లేదు. మొదలైన 2015లోనే, ఒక దిక్కు గుంతలు తీసి మొక్కలు పెడ్తుంటే ఇంకో దిక్కు పదేండ్ల తోటలు ఎండిపోయినయి. ఒక ఎండిన బత్తాయి చెట్టు జాగలో ఎన్ని మొక్కలు నాటితే, ఎన్నేండ్లకు అంత నీడ వస్తది?

చెయ్యదల్చుకుంటే అయితది

సర్కారుకు చెట్టును బతికించుడు రాదని మేము అనం. పాలమూరు పిల్లలమర్రిని చూసినం. ఏడు వందల ఏండ్లదని చెప్పుకునే ఆ మర్రి కొమ్మ 2017 చివర విరిగిపడ్డది. లోపలంతా చెదలు. 2018లో అధికారులు ఆ చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్క మందు ఎక్కించిన్రు. బరువు కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆసరా పెట్టిన్రు. ఊడలకు పైపులు కట్టి నేలకు దించిన్రు. మనుషుల రాకపోకలు ఆపిన్రు. ఒక్క మందుతోని కాలేదు, ఓపికతోని అయింది. అది పేరున్న చెట్టు, పర్యాటకులు వచ్చే చెట్టు. పేరు లేని చెట్ల కింద కూడ మనుషులు బతుకుతున్నరు.

సాధనాలు లేవా అంటే ఉన్నయి. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు ఇచ్చిన్రు. రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోసే ఆ ట్యాంకరు, కరువు ఏడు ఊరి తోటలకు వంతుల వారీగ ఎందుకు పోవద్దు? ఉపాధి కూలీలతోని గుంతలు తవ్వించేటోళ్లు చెట్ల చుట్టూ పాదులు తీయించి గడ్డి పరిపించలేరా? పని దొరికినట్టు అయితది, చెట్టు బతికినట్టు అయితది.

ఒక వాదన ఉన్నది, దానికి జవాబు చెప్పాలె. నీళ్లు లేని నేలలో బత్తాయి ఎందుకు పెట్టాలె, పెట్టినోనిదే తప్పు అని కొందరు అధికారులు, కొందరు పట్నం మేధావులు అంటరు. నాలుగైదు వందల అడుగులకు నీళ్లు దిగిపోయినకాడ కొత్త తోట పెట్టొద్దని మేము కూడ అంటం. పెట్టేటోళ్లు కూడ గజనిమ్మ అంటు కాకుండ బెట్టకు, ఎండు తెగులుకు తట్టుకునే రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటే అడగాలె. కానీ ఇప్పటికే నిలబడి ఉన్న చెట్టు నేరం చేసిందా? తోటలు పెట్టమని సబ్సిడీలిచ్చి, డ్రిప్పులిచ్చి, ప్రదర్శనలు పెట్టి పిలిచింది ఎవరు? ఎకరం వరికి పోసే నీళ్లతోని పోలిస్తే బత్తాయి తాగేది తక్కువే. తప్పు బత్తాయిది కాదు, నీళ్లకు లెక్క లేకపోవుడుది.

నీళ్లు సగం చెట్లకే సరిపోతయన్నప్పుడు రైతు కూడ మనసు రాయి చేసుకోవాలె. అన్నింటికి చెంబెడు చొప్పున పోస్తే అన్నీ పోతయి. గీకి చూసి, పచ్చదనం ఉన్నవి, కాపు వయసులో ఉన్నవి ముందు ఎంచుకోవాలె. వేరుకుళ్లు ముదిరిన వాటిని, ముసలి వాటిని వదులుకోవాలె. వదులుకున్న ఆ చెట్టు కూడ నష్టం లెక్కలోకి రావాలె.

మా డిమాండ్లు ఇవి. కరువు నష్టాన్ని తోటలకు ఎకరాల్లో కాదు, చెట్లల్లో లెక్క కట్టాలె. ఆ లెక్క ఒక్కసారి కాదు, కరువు ఎండకాలం ఒకసారి, వానాకాలం పోయినంక ఒకసారి, ఏడాది తిరిగినంక ఒకసారి కట్టాలె. బతికించుకున్న ప్రతి చెట్టుకు మూడేండ్లు సాయం ఇయ్యాలె, మొదటి ఏడు పిందె దులిపిన రైతుకు ఆ ఏటి కాపు విలువ కట్టియ్యాలె. ఆ మూడేండ్లు తోట అప్పు వసూలు ఆపాలె, మిత్తి సర్కారు భరించాలె. కరువు మండలంలో పంచాయతీ ట్యాంకరు మీద ఊరి చెట్లకు, తోటలకు మొదటి హక్కు ఉండాలె. డీజిలు పైసలు పంచాయతీ మీద రుద్దకుండ జిల్లా నుంచి రావాలె.

ఇవన్నీ వచ్చే దాకా కూసుందామా? వద్దు. ఈ వారం ఎవరి తోటకు వాళ్లు పోయి చెట్టు చెట్టు గీకి చూడుండ్రి. బతికినయి ఎన్ని, సగం పోయినయి ఎన్ని, పూర్తిగ పోయినయి ఎన్ని, సర్వే నంబరు వారీగ ఒక నోటు పుస్తకంలో రాయుండ్రి. పదిమంది రైతులు కలిసి ఊరి లెక్క తయారు చేయుండ్రి. దాన్ని తహసీల్దారుకు, ఉద్యాన అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండ్రి. గట్టు మీది చింతను, వేపను, తాడిని కూడ మరువొద్దు. అది ఎవరి పట్టాలో లేదని ఎవరి లెక్కలోకి రాదు. అధికారి దగ్గర చెట్ల లెక్క లేకపోతే మన దగ్గరన్న ఉండాలె. లెక్క లేని నష్టానికి సాయం రాదు, అడిగేటోడు లేని లెక్కకు విలువ లేదు.